హరిదాస్ గొంతు, గోవిందయ్య చెవి

బుధవారం పొద్దున హరిదాస్ మెడ కోసి స్వరపేటిక తీసేస్తారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అన్న గోవిందయ్యకి తప్ప. డెబ్బై అయిదేళ్ల మనిషి, గుండెకి ఒకసారి ఆపరేషన్ అయినవాడు, ముందే చెప్పి కంగారు పెట్టడం ఎందుకని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు. ఇక నెట్టడానికి రోజులు లేవు. ఆదివారం మధ్యాహ్నం అందరూ తోటలో కూర్చున్నప్పుడు చెప్పేద్దామనుకున్నారు. చెప్పాల్సింది హరిదాసే. గోవిందయ్యకి ఎవరేం చెప్పినా వినపడదు, తమ్ముడు చెబితే తప్ప.

తోట అంటే పెద్దదేం కాదు. హరిదాస్ కూతురు శర్మిల, అల్లుడు మహీధర్ సింగపూరులో సెరంగూన్ వైపు అద్దెకి తీసుకున్న పాత ఇంటి వెనక, అరడజను కుర్చీలూ ఒక బల్లా పట్టేంత గడ్డి నేల. గోడవారన కరివేపాకు, అన్నంలో వాసనకి వేసే పాండన్ దుబ్బు, ఎంతకీ కాయని ఒక బొప్పాయి. బతుకంతా ఫ్లాటుల్లో గడిపిన అన్నదమ్ములకి అదే గొప్ప. శర్మిల ఆ ఇంట్లో చేరినప్పటి నుంచి వాళ్ల ఆదివారాలు అక్కడికి మారాయి.

నెలకొక ఆదివారం, భోజనాలయ్యాక, ఇద్దరూ చెరి రెండు గ్లాసుల విస్కీ తాగుతారు. ఎండ ఉండగానే, ఆడవాళ్ల ముందే, పిల్లల ముందే. ఈ పద్ధతి పెట్టింది గోవిందయ్య. వాళ్ల నాన్న మలేషియాలో, పేరాక్ రాష్ట్రంలో సముద్రం పక్కనున్న కొబ్బరి ఎస్టేట్‌లో పనిచేసేవాడు. చీకటి పడ్డాక షెడ్డు వెనక చేరి నాటుసారా తాగి తాగి, నలభై దాటకుండానే పోయాడు. తల్లి ఆ తర్వాత ఎన్నాళ్లో బతకలేదు. అలాగని గోవిందయ్య మందు ముట్టనని ఒట్టేమీ పెట్టుకోలేదు. "దాక్కుని తాగితేనే అది మనిషిని తింటాది. ఇంటోళ్ల ముందర కూకుని తాగు, ఎంత తాగాలో నీకే తెలుస్తాది" అనేవాడు. వాళ్లింట్లో అదే చట్టం. ఆయన భార్య లీలావతి కూడా మోకాళ్ల నొప్పులకని చెప్పి వేణ్ణీళ్లలో రెండు చుక్కలు కలుపుకుంటుంది. వేరుశనగలూ ఎండు నెత్తళ్ల చేపలూ కలిపి వేయించి డబ్బాలో తెచ్చేది ఆమే.

సింగపూరుకి ముందు వచ్చినవాడు గోవిందయ్య. తంజోంగ్ పగార్ రేవులో, ఓడల మీద కంటైనర్లు కదలకుండా ఇనుప కడ్డీలతో బిగించే పని. కాస్త నిలదొక్కుకున్నాక తమ్ముణ్ణి పిలిపించుకున్నాడు. తమ్ముడు పన్నెండేళ్లు చిన్న. అన్నావదినల దగ్గరే మీసాలొచ్చాయి, అన్నావదినలే పెళ్లి చేశారు. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే రేవులో పనిచేశారు. క్రేన్ల మోత, ఓడ ఇంజన్ల హోరు, ఇనుము మీద ఇనుము పడే చప్పుడు. ఆ మోత గోవిందయ్య చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. హరిదాస్‌కి మాత్రం గొంతునిచ్చింది. క్రేన్ కింద నిలబడి కేకేస్తే ఓడ అవతలి కొసకి వినిపించేది. నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటనీ విడదీసి పలకడం అప్పుడు పట్టుబడిందే.

రేవు వదిలాక హరిదాస్ జురాంగ్ ఐలాండ్ కర్మాగారాల్లో సేఫ్టీ సూపర్‌వైజర్‌గా కుదిరాడు. పొద్దున్నే పనివాళ్లందర్నీ నిలబెట్టి ఆరోజు తీసుకోవాల్సిన జాగ్రత్తలు చెప్పేవాడు, మలయ్‌లో, తమిళంలో, తెలుగులో. శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చిన వెల్డర్లు ఆ తెలుగు విని తెల్లబోయేవారు. "మీదే వూరు సార్?" అని చుట్టూ చేరేవారు. హరిదాస్ శ్రీకాకుళం ఎన్నడూ చూడలేదు. అది ఎస్టేట్‌లో నాయనమ్మ ఒళ్లో నేర్చుకున్న తెలుగు. పాయా లేబర్ ప్రాంతంలో ఒక బ్యాంకు ఆఫీసులో పనిచేసే మహీధర్‌ది పార్వతీపురం. పెళ్లైన కొత్తలో అతను మామగారి మాటలు వింటూ కూర్చుండిపోయేవాడు. "మామయ్యా, ఈ మాట మా తాతమ్మ పోయాక మళ్లీ మీ నోటే విన్నాను" అనేవాడు.

ఆ గొంతు కిందటేడు చివర్లో బొంగురుపోయింది. జలుబనుకున్నారు. తగ్గలేదు. పరీక్షలయ్యాక డాక్టరు మెల్లగా చెప్పాడు, ప్రాణం దక్కాలంటే గొంతు వదులుకోవాలని. భార్య రామలక్ష్మి ఆసుపత్రి బెంచీ మీద కూలబడి ఏడ్చింది. హరిదాస్ ఏడవలేదు. ఆ క్షణంలో అతనికి తోచింది ఒక్కటే: ఇక అన్నతో ఎవరు మాట్లాడతారు?

ఆ ఇంట్లో గోవిందయ్యకి ఏ కబురు చేరాలన్నా హరిదాస్ మీదుగానే చేరాలి. లీలావతి భర్త చెవి దగ్గర నోరుపెట్టి, "మందులేసుకున్నారా?" అని అరిస్తే, "సందులో ఎవుడున్నాడే?" అంటాడాయన. అదే మాట హరిదాస్ ఎదురుగా కూర్చుని అడిగితే, "ఏసుకున్నాన్రా" అని ఠక్కున జవాబొస్తుంది. చెవిలో పెట్టుకునే మిషన్ కొనిస్తే, కీచుమంటోందని డ్రాయర్లో పడేశాడు. తమ్ముడి గొంతుకి అలవాటుపడ్డ చెవి అని అందరూ సరిపెట్టుకున్నారు.

ఆ ఆదివారం వాన వచ్చేలా ఉండి రాలేదు. మబ్బు పట్టి, గాలి లేక, ఒళ్లంతా జిగటగా ఉంది. శర్మిల ఐసు తెచ్చింది. ఆమె కూతురు ఉజ్వల, మూడో తరగతి పిల్ల, గడ్డి మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంటోంది. గోవిందయ్య ఎప్పట్లానే సీసా తన చేతికి తీసుకుని, గ్లాసుకి రెండు వేళ్లు అడ్డం పెట్టి కొలిచి పోశాడు. మొదట తమ్ముడికి, తర్వాత అల్లుడికి, చివర తనకి. పోశాక ఒక గుక్క తాగి, నాలుగు వేరుశనగలు నోట్లో వేసుకుని, ఎదురుగా ఉన్న గ్లాసు వంక చూశాడు.

"ఏటిరా, ముట్టవేటి?"

రామలక్ష్మి మొగుడి వంక చూసింది. మహీధర్ తన గ్లాసు కింద పెట్టేశాడు.

"గొంతు బాగోనేదన్నా" అన్నాడు హరిదాస్.

"ఏటయింది?"

ఆరునెలలుగా అందరూ ఆ బొంగురు గొంతు గురించే మాట్లాడుకుంటున్నారు. గోవిందయ్య ఇప్పుడే మొదటిసారి అడిగాడు. హరిదాస్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. అన్నదమ్ముల మోకాళ్లు తగిలాయి.

"గొంతులో పుండులాటిది లేచిందన్నా. కేన్సరు. బుదవారం కోసి తీసేస్తారు. పేనానికి బయం నేదన్నారు. మాట పోతాది. మరింక నాకు గొంతుండదు."

గోవిందయ్య అతని మొహం మీంచి కళ్లు తిప్పలేదు. గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒళ్లోకి దిగింది. లీలావతి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నోరుంటాది గదా?" అన్నాడు చివరికి.

హరిదాస్ తలూపాడు. "ఉంటాది."

"నాలిక?"

"ఉంటాదన్నా. గొంతే ఉండదు."

"అయితే సర్లే" అన్నాడు గోవిందయ్య. గ్లాసులో మిగిలింది ఒక్క గుక్కలో తాగేసి, కరివేపాకు చెట్టు వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఈయనకి ఇనిపించనేదు" అని లీలావతి గొణిగింది. మహీధర్ లేచి ఆయన పక్కకి వెళ్లి, చెవి దగ్గర వంగి, గట్టిగా చెప్పాడు. "పెదమామయ్యా, మామయ్య ఇంక మాట్లాడలేరు. అర్థమైందా?"

"ఆఁ, ఉక్కగానే ఉంది" అన్నాడు గోవిందయ్య, చెట్టు మీంచి చూపు మరల్చకుండా.

శర్మిల లోపలికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. హరిదాస్ గడ్డి వైపు చూస్తూ కూర్చున్నాడు. అన్న ఏడుస్తాడనుకున్నాడు, తిడతాడనుకున్నాడు, ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడుగుతాడనుకున్నాడు. నోరుంటాది గదా అంటాడనుకోలేదు. ఎంత విడమరిచి చెప్పినా అన్నకి అందలేదు. తన గొంతు అప్పుడే పనికిరాకుండా పోయిందనిపించింది.

శర్మిల ఫోన్ తీసి, రికార్డింగ్ పెట్టి, తండ్రి ముందు బల్ల మీద ఉంచింది. "నాన్నా, ఏదైనా చెప్పు. ఎనీథింగ్. మాకు నీ వాయిస్ కావాలి."

హరిదాస్ ఫోన్ వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు. వేలమందికి కేకలు పెట్టి పనులు చెప్పినవాడికి అరచేతంత ఫోన్ ముందు ఒక్క మాట రాలేదు.

"ఏటి సెప్పను?"

"తాతా, జస్ట్ టాక్ లా" అంది ఉజ్వల, తలెత్తకుండానే. "యూ ఆల్వేస్ టాక్ సో మచ్."

రామలక్ష్మికి ఏడుపులోనే నవ్వొచ్చింది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో హరిదాస్‌కి నోరు పెగిలింది. మనవరాల్ని దగ్గరికి పిలిచి, ఎస్టేట్‌లో తన తల్లి పెంచిన కోళ్ల సంగతి మొదలుపెట్టాడు. ఆవిడకి ఎస్టేట్ దొరగారి మీద ఒళ్లుమంట. అందుకని కోళ్లన్నిటికీ దొరసాని పేరు, దొర తమ్ముడి పేరు, దొర అత్తగారి పేరు పెట్టింది. సాయంత్రం మేతకి పిలుస్తూ ఒక్కొక్కర్నీ పేరు పెట్టి తిట్టేది. ఒకరోజు దొరే గుర్రం మీద అటుగా వచ్చాడు.

అక్కడికి వచ్చేసరికి గొంతు జారిపోయింది. ముందు గుసగుసలా అయింది, తర్వాత గాలి మాత్రమే వచ్చింది. శర్మిల ఫోన్ ఇంకా దగ్గరికి జరిపింది. మహీధర్ ముందుకి వంగాడు. హరిదాస్ రెండు మూడుసార్లు ప్రయత్నించి, చెయ్యూపి, ఇక కాదన్నట్టు వెనక్కి వాలాడు.

"దొర టోపీ తీసి నవ్వినాడు" అన్నాడు గోవిందయ్య. ఆయన ఎప్పుడు ఇటు తిరిగాడో ఎవరూ గమనించలేదు. "నా అత్తగారికి మేత ఎక్కువెయ్యి, శానా తింటాది అన్నాడు. మాయమ్మ ఆ రాత్రంతా బయంతో నిద్దరోనేదు."

ఉజ్వల పకపకా నవ్వింది. అంత సన్నటి మాట ఆయన దాకా ఎలా వచ్చిందని ఆ వేళ ఎవరికీ తట్టలేదు.

అన్న పోసిన గ్లాసు పారబోయడానికి హరిదాస్‌కి మనసొప్పలేదు. రామలక్ష్మి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. గ్లాసులో వేలు ముంచి పెదవులకి రాసుకున్నాడు. అంతకే మండింది. మిగిలింది గోవిందయ్యే తన గ్లాసులోకి వంపుకున్నాడు. పొద్దు వాలకముందే బయల్దేరుతూ, గేటు దగ్గర ఆగి, జ్వరం చూసినట్టు తమ్ముడి మెడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. తర్వాత లీలావతి చెయ్యి పట్టుకుని స్టేషన్ వైపు నడిచాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మెడ కింద చిన్న రంధ్రం, ఊపిరి అందులోంచే. నాలుగు రోజులు పోయాక చూడ్డానికి రానిచ్చారు. శర్మిల, పిల్లలు రాసుకునే తెల్లబోర్డు ఒకటి కొని తెచ్చి మంచం మీద పెట్టింది. హరిదాస్ ఏదో రాయడం, ఆమె చదవడం, ఈలోగా చెప్పాలనుకున్నది చల్లారిపోవడం. మాట నాలుక దాకా వస్తుంది, నోరు కదులుతుంది, గాలి మెడలోంచి పోతుంది.

గోవిందయ్య వచ్చి మంచానికి ఎదురుగా, వెలుతురు తమ్ముడి మొహం మీద పడేలా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. హరిదాస్ అలవాటు కొద్దీ, మరిచిపోయి, నోరు తెరిచాడు. మకాన్ అయిందా అన్నా, తిన్నావా, అని అడిగాయి పెదవులు. చప్పుడు లేదు.

"అయింది. మీ వొదిన పరోటా ఎట్టింది" అన్నాడు గోవిందయ్య.

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. హరిదాస్ అన్న వంక చూశాడు. మళ్లీ పెదవులు కదిపాడు.

"టాక్సీలో ఒచ్చినాం. రైలుకైతే మెట్లెక్కలేనంది." హరిదాస్ మళ్లీ కదిపాడు. "మందులేసుకున్నాన్రా. నువ్వు మరి నొప్పిగా ఉంటే ఊరుకో."

లీలావతి ఆయన ముందుకొచ్చి నిలబడింది. "మీకు ఇనిపిస్తందా?" అంది, చెవి వదిలేసి, మొహంలో మొహం పెట్టి.

గోవిందయ్య దొంగతనం బయటపడ్డవాడిలా తల వంచుకున్నాడు. "నాకు చప్పుడే గానీ మాట ఇనిపించడం మానేసి శానా యేళ్లయింది" అన్నాడు. "ఈడు మాటాడతంటే మూతి సూస్తాను. ఈడి మూతి నాకు తెలుసు. మీరేమో పక్కనొచ్చి అరుస్తారు. పక్కనుంచి నాకేటి కనిపిస్తాది?"

"మరి సెప్పరేటి?"

"సెప్తే సెవిటోడని ఒగ్గేస్తారు. నా ముందరికొచ్చి ఎవులు కూకుంటారు?"

హరిదాస్ మంచం మీద నవ్వడానికి ప్రయత్నించాడు. మెడలోంచి గాలి బుసకొట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. అతని కళ్లనిండా నీళ్లు. నోరుంటాది గదా అని అన్న ఎందుకు అడిగాడో ఆ మంచం మీద తెలిసింది.

ఆ తర్వాతి ఆదివారాలు ఆ ఇంట్లో ఎవరూ మరిచిపోలేరు. గొంతుకి ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. దాంతో మాట్లాడితే సీసాలో ఈగ తిరిగినట్టుంటుంది. మిగతావాళ్ల కోసం హరిదాస్ దాన్ని వాడేవాడు. తోటలో మాత్రం జేబులోంచి తీసేవాడు కాదు. ఇద్దరూ ఎదురెదురుగా కుర్చీలేసుకుని, గ్లాసులు పట్టుకుని కూర్చునేవారు. ఒకరికి చెవి లేదు, ఒకరికి గొంతు లేదు. గంటల తరబడి కబుర్లు. బయటికి వినిపించేది గోవిందయ్య సగం. "అవునవును, ఆడే." "కాదురా, అది నీ పెళ్లి ముందర." పగలబడి నవ్వడం. అవతలి సగం ఏమిటో ఎవరికీ తెలిసేది కాదు. ఇన్నాళ్లూ గోవిందయ్యకి కబుర్లు చేరవేసిన హరిదాస్ మాటల్ని ఇప్పుడు గోవిందయ్య అందరికీ చెప్పాల్సి వచ్చింది. "మీ మామకి నిమ్మకాయ నీళ్లు కావాలంట." "ఈడికి చలేస్తందట, ఫేన్ తగ్గించు." ఉద్యోగం వచ్చినంత గర్వం ఆయన మొహంలో.

మహీధర్ ఒకసారి ఎదురుగా కూర్చుని చూశాడు. రెండు మాటలు పట్టుకోగలిగాడు. గోవిందయ్య అతని భుజం తట్టి, "నలభై యేళ్లు రేవులో నిలబడాలి" అన్నాడు.

ఆ ఆదివారాలు అయిదు. జనవరిలో, పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ గోవిందయ్య వంటింట్లో పడిపోయాడు. అంబులెన్స్ వచ్చేలోపే అయిపోయింది.

వాళ్ల ఫ్లాట్ల బ్లాకు కింద ఖాళీలో టార్పాలిన్లు కట్టి శవాన్ని పడుకోబెట్టారు. రేవులో పనిచేసిన ముసలివాళ్లు కర్రలు పట్టుకుని వచ్చారు. గోవిందయ్యకి పిల్లల్లేరు. తడిబట్టల్తో, కుండ పట్టుకుని ముందు నడిచింది హరిదాసే. మెడ రంధ్రంలోకి నీళ్లు పోకుండా రామలక్ష్మి అతని మెడకి తువ్వాలు చుట్టింది. మండాయ్ శ్మశానం దగ్గర, దహనం చేసే హాల్లోకి తీసుకెళ్లే ముందు, పాడె కిందికి దించారు. దింపుడు కళ్లం. పోయిన ప్రాణం ఒకవేళ తిరిగొస్తుందేమోనని కడసారి పిలిచి చూసే చోటు.

"చెవిలో మూడుసార్లు పిలవండి" అన్నాడు పంతులు.

హరిదాస్ మోకాళ్ల మీద వంగాడు. మహీధర్ దగ్గరికొచ్చి, "ఆ మిషన్ ఇమ్మంటారా మామయ్యా?" అని మెల్లగా అడిగాడు. వద్దన్నట్టు తలూపాడు. అన్న చెవికి నోరు ఆనించాడు. పెదవులు కదిపాడు. ఒకసారి. అక్కడే ఆగిపోయాడు. ఈ చెవిలో చెప్పి లాభమేముంది? లేచి, పాడె చుట్టూ తిరిగి, అన్న మొహానికి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. కళ్లు మూసి ఉన్నాయి. వాటి మీద తులసాకులు పెట్టారు.

అయినా నోరు పెద్దగా తెరిచి, ఓడ అవతలి కొసకి పిలిచినట్టు, ఒక్కో అక్షరం విడదీసి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మళ్లీ. వేసవిలా ఎండ కాస్తోంది. చుట్టూ ఉన్నవాళ్లకి ఏమీ వినిపించలేదు. పిలవడం అయిందో లేదో తెలియక పంతులు ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"పిలిచేసినారు పంతులుగారూ" అంది రామలక్ష్మి. "ఎత్తండి."

రెండు నెలలు తోటలో ఎవరూ కూర్చోలేదు. మూడో నెల ఒక ఆదివారం లీలావతి తనంతట తనే రైలెక్కి వచ్చింది, నెత్తళ్లు వేయించుకుని. మహీధర్ సీసా తెచ్చాడు. ఎవరు పోయాలో తెలియక కాసేపు బల్ల మీదే ఉంచి, చివరికి తనే పోశాడు. లీలావతి కుర్చీ జరుపుకుని మరిదికి ఎదురుగా కూర్చుంది. చేతిసంచీలోంచి కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, పెట్టుకుంది.

"సెప్పు హరీ" అంది. "ఆ మిషనొద్దు. ఆయనకి సెప్పినట్టు సెప్పు."

హరిదాస్ చెప్పడం మొదలుపెట్టాడు. ఏదో పొడుగాటి మాట. ఆమె చూపంతా అతని పెదవుల మీదే పెట్టి, భ్రుకుటి ముడిచి, తనూ పెదవులు కదుపుతూ వెంటపడింది. మధ్యలో ఒక మాట దొరికినట్టయింది. "అన్నమా? అన్నం తిన్నావా అంటన్నావా?"

కాదన్నట్టు అతను తలూపాడు.

"మళ్లీ సెప్పు."

అతను మళ్లీ చెప్పాడు, ఇంకా నెమ్మదిగా. ఆమెకి ఈసారీ అందలేదు.